బతికిన కోడి ఎవరిది

తుమ్మలమెట్టలో గ్రామదేవత ముత్యాలమ్మ గుడిసె ముందు ఊరంతా చూస్తుండగా "ఇయ్యను" అన్న మనిషి నాలుగేళ్ళ కిందటి దాకా ఒక్కరు కూడా లేరు. మొదట ఆ మాట అన్నది బుల్లమ్మ. నలభై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం పెద్దది. "మా ఇంటికి కుక్క అక్కర్లేదు" అంటాడు ఆమె మొగుడు ఎర్రయ్య. ఆమె వింటుండగానే అంటాడు, కాకపోతే కాస్త దూరం నిలబడి అంటాడు.

ఊరు తెలంగాణ సరిహద్దుకు అవతల, బీజాపూర్ నుంచి జీపులో రెండు గంటల దారి. అరవై గడపలు. బుల్లమ్మ పుట్టింది తెలంగాణ వైపు, చర్ల దగ్గర. పెళ్ళయి ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, ఇరుగుపొరుగుతో దోర్లీ, సంతలో గోండి, జీపుల్లో వచ్చేవాళ్ళతో హిందీ. తిట్టడానికి మాత్రం నాలుగూ కలిపి వాడుతుంది.

ఆ ఊరికి ఒక కట్టు ఉంది. కొక్కెర తెగులు వచ్చి పోయాక, జబ్బు పడి లేచిన కోళ్ళు ముత్యాలమ్మవి. తల్లి ముట్టుకుని వదిలేసింది కాబట్టి వాటి మీద ఇంటివాళ్ళకు హక్కు లేదు. విత్తనాల పండుగ నాడు వాటిని గుడిసె ముందుకు తెస్తారు, పూజారి కోస్తాడు, ఊరంతా పంచుకు తింటుంది. జబ్బు అసలు అంటనివి మాత్రం ఇంటివాళ్ళకు మిగులుతాయి. ఎప్పటి నుంచి ఇలా జరుగుతోందో ఎవరూ చెప్పలేరు. తప్పని కూడా ఎవరికీ తోచలేదు. తెగులుకు దొరికి బతికిన కోడి అంటే మామూలు కోడి కాదు కదా, దాన్ని కూరలో వేసుకోవడం కంటే తల్లికివ్వడమే మర్యాద అనుకున్నారు.

తెగులు ఎండలు ముదిరే ముందు వస్తుంది, ఇప్పపూలు రాలే రోజుల్లో. పొద్దున గంప ఎత్తేసరికి ఒక కోడి మూలకు నక్కి ఉంటుంది. రెక్కలు వేలేసి, నోరు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తుంది. పచ్చటి పారుడు. మర్నాటికి మూడు. వారం తిరిగేసరికి దొడ్లో అలికిడి ఉండదు. ఎక్కడో ఒకటి మాత్రం చావదు. మెడ పక్కకు మెలికపడి, కాలు ఈడ్చుకుంటూ, పది రోజులు నీటిచుక్కల మీద గడిపి, ఆ తర్వాత గింజ ఏరుకోవడం మొదలుపెడుతుంది.

తెగులు మొదలైందని తెలియగానే ఊరు చేసే మొదటి పని, ఇంకా నిలబడి ఉన్న కోళ్ళకు కాళ్ళు కట్టి సంతకు మోసుకుపోవడం. ఎలాగూ చచ్చేదాన్ని ఇంట్లో ఎందుకు పెట్టుకోవాలని. నాలుగేళ్ళ కిందట బుల్లమ్మ కూడా అదే పని చేసింది. కళ్ళు నిగనిగలాడే నాలుగు పెట్టల్ని సంతకు పట్టుకెళ్ళి అమ్మేసి, గంప ఖాళీ చేసుకుని తిరిగొచ్చింది.

తొమ్మిది రోజుల తర్వాత చెల్లెలు భద్రమ్మను చూడటానికి వెళ్ళింది. చెల్లెలి ఊరు సంతకు అటువైపు. వెళ్ళేసరికి భద్రమ్మ పెరట్లో గొయ్యి తవ్వుతోంది. పక్కన పదహారు కోళ్ళు కుప్పగా పడున్నాయి.

"పక్కింటోళ్ళు సంతల ఒక పెట్టను కొన్నరక్కా," అంది భద్రమ్మ, పార ఆపకుండానే. "తెచ్చిన మూడోనాడు పోయింది. ఆ తర్వాత వాళ్ళవన్నీ పోయినయి, గిప్పుడు మాయి. అదిగో, అదే మొదటిది. వాళ్ళు పూడ్చకుండ మా కంచెల పడేస్తే ఏరి తెచ్చిన."

బుల్లమ్మ వంగి ఆ కోడి కాలు పట్టుకుని చూసింది. ఎడమ కాలి వెనక వేలు కొన తెగి ఉంది. కోడిపిల్లలు ఇతరుల మందలో కలిసిపోకుండా ప్రతి ఇల్లూ ఒక గుర్తు పెడుతుంది. ఆ వేలు బుల్లమ్మ ఇంటి గుర్తు.

"నాదే," అంది.

"ఏంది నీదే?"

"కోడి నాదే. నీ ఇంటికొచ్చిన రోగమూ నాదే."

భద్రమ్మ పార కింద పెట్టింది. ఆ రోజు అక్కాచెల్లెళ్ళు ఇంకేం మాట్లాడుకున్నారో బుల్లమ్మ ఎవరికీ చెప్పలేదు. తిరిగి ఊరికి వచ్చాక మాత్రం ఆమె మళ్ళీ ఎప్పుడూ తెగులు రోజుల్లో సంతకు కోడిని పట్టుకెళ్ళలేదు.

ఇంట్లో ఇరవై ఏడు కోళ్ళకు రెండు మిగిలాయి. మెడ మెలికపడ్డ నల్ల పెట్ట ఒకటి, ఎర్ర పుంజుపిల్ల ఒకటి. పెట్ట తల ఎప్పుడూ ఆకాశం వైపు తిరిగి ఉండేది. గింజను పొడవబోతే ముక్కు పక్కన పడేది. మూడు పోట్లకు ఒకటి తగిలేది. అయినా పొడవడం మానేది కాదు.

ఆ వారమే పశువుల ఆస్పత్రి ఉద్యోగి ప్రవీణ్‌కుమార్ జీపులో వచ్చాడు. కిరండూల్‌లో పుట్టి పెరిగిన కుర్రాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి గనుల్లో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ప్రవీణ్‌కుమార్ తెలుగు వింటే బుల్లమ్మకు రేడియో విన్నట్టుంటుంది. అతను మంచం మీద కూర్చోకముందే ఆమె మొదలుపెట్టింది.

"అన్నీ చచ్చినంక వచ్చినవా సారూ? బొందల మీద మందు చల్లుతవా?"

"దారి తెగిపోయి ఉందక్కా. ఐసు డబ్బాలో మందు తెస్తే సగం దారిలోనే ఐసు కరిగిపోయింది. అప్పుడది మందు కాదు, ఉత్త నీళ్ళు."

"ఆ నీళ్ళన్నా పోయాల్సింది. మా కోళ్ళు దాహంతో పోయినయి."

ప్రవీణ్‌కుమార్ నవ్వాడు. తర్వాత ఆమె సంత సంగతి, చెల్లెలి సంగతి చెప్పింది. ఈసారి అతను నవ్వలేదు.

"అక్కా, ఆ వైరస్ సంగతి ఆలోచించు," అన్నాడు. "ఒక ఊళ్ళో ఉన్న కోళ్ళన్నిటినీ వారంలో చంపేస్తే దానికి ఇంకో కోడి దొరకదు. అదీ అక్కడే అంతమైపోవాలి. కోడిని నాలుగు రోజులు తిరగనిచ్చే వైరస్సే పక్క ఊరు చేరుతుంది. అంటే మరీ కఠినమైనవి రానురానూ తగ్గిపోవాలి. కానీ మనం ఎంత కఠినమైనదాన్నయినా గంపలో పెట్టుకుని సంతకు మోస్తున్నాం. వంద ఊళ్ళ కోళ్ళు ఒకే చోట దొరికాక ఇక అది నెమ్మదించాల్సిన పనేముంది?"

బుల్లమ్మ వింటోందని చూసి అతను ఇంకాస్త చెప్పాడు. సముద్రం అవతల ఆస్ట్రేలియా అనే దేశంలో కుందేళ్ళు మితిమీరి పెరిగి పంటలు తినేస్తుంటే, డెబ్బై ఏళ్ళ కిందట సర్కారు వాళ్ళే వాటి మీదికి ఒక వైరస్‌ను వదిలారని.

"కుందేళ్ళెక్కువైతే వండుకోవాలె గానీ రోగం ఎందుకు వదులుతరు?"

"వండుకుంటే తీరేన్ని కాదక్కా."

"మా ఊరోళ్ళను నలుగురిని పంపితే సరిపోయేది."

"సరే, విను. మొదట వందకు ఒకటి కూడా మిగల్లేదు. ఆ మిగిలిన వాటికి పుట్టినవి కాస్త తట్టుకున్నాయి. వాటి పిల్లలు ఇంకాస్త. అటు వైరస్‌లోనూ మరీ త్వరగా చంపేవి తగ్గి, మెత్తనివి పెరిగాయి. ఇక గొడవ తీరిందనుకున్నారు. కుందేళ్ళు గట్టిపడేకొద్దీ వైరస్ మళ్ళీ పదునెక్కింది."

"ఎవలు గెలిచిన్రు మరి?"

"ఎవరూ గెలవలేదు. ఇప్పటికీ రెండూ ఉన్నాయి."

బుల్లమ్మ దొడ్లోకి చూసింది. నల్ల పెట్ట గింజ పక్కన నేలను పొడుస్తోంది.

"బతికినయి పిల్లల్ని పెట్టినయి కాబట్టే గదా సారూ, కుందేళ్ళు ఉన్నయి?"

"అంతే."

"మా ఊళ్ళ బతికినయాటిని కోసుకు తింటం."

ప్రవీణ్‌కుమార్‌కు ఆ కట్టు గురించి తెలియదు. ఆమె వివరంగా చెప్పింది. అప్పుడు జాగ్రత్తగా చెప్పాడు, కోళ్ళ గురించి అబద్ధపు ఆశ పెట్టకూడదనుకునే మనిషిలా.

"అక్కా, బతికిన పెట్టకు రెండు రకాల బలం ఉండొచ్చు. జబ్బు పడి లేచినందుకు వచ్చే బలం ఒకటి. అది గుడ్డులోంచి పిల్లలకు వస్తుంది కానీ మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. రెండోది పుట్టుకతో ఉన్నది. అదైతే పిల్లలకు కొంత దిగుతుంది. నీ పెట్టలో ఏది ఎంత ఉందో నేను చూసి చెప్పలేను. ఒట్టి అదృష్టం కూడా కావచ్చు."

"అదృష్టమైనా సరే, కత్తి కింద పెడితే అది కూడా పోతది గదా," అంది బుల్లమ్మ.

విత్తనాల పండుగ నెల తర్వాత వచ్చింది. ఆ రోజు ప్రతి ఇల్లూ వడ్లు, కొర్రలు, జొన్నలు, చిక్కుడు గింజలు ఆకుదొప్పల్లో తెస్తుంది. పూజారి వాటిని కలిపి, తల్లికి చూపించి, మళ్ళీ పంచుతాడు. అప్పటి దాకా ఎవరూ నాగలి కట్టరు, ఎవరూ విత్తనం గింజ నోట్లో వేసుకోరు. ఎంత ఆకలేసినా సరే. ఆ నియమాన్ని తుమ్మలమెట్టలో ఎవరూ తప్పినట్టు చెప్పుకోరు.

పూజారి పేరు సుక్కా. డెబ్బై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. బుల్లమ్మను కోడలా అని పిలుస్తాడు. దొప్పల పని అయ్యాక గంపలు తెమ్మన్నాడు. ఐదు ఇళ్ళ నుంచి ఏడు కోళ్ళు వచ్చాయి. బుల్లమ్మ ఉత్త చేతులతో నిలబడి ఉంది.

"గంపేదే కోడలా?"

"ఇంట్ల ఉంది మామా."

"తేవాలె గదా."

"తేను. పెట్ట ఒకటుంది, పుంజు ఒకటుంది. రెండూ ఇయ్యను."

ఎర్రయ్య ఆమె వెనక నుంచి నాలుగడుగులు పక్కకు జరిగాడు. సుక్కాకు సరిగా వినపడలేదేమో అనుకుని ఎవరో మళ్ళీ చెప్పారు.

"తల్లి ముట్టి వదిలిన కోడి," అన్నాడు సుక్కా ఓపికగా. "ఆమె గుర్తు పెట్టుకున్నది. దాన్ని నువ్వు దాచుకుంటే ఊరందరి మీదికి వస్తది."

"మామా, పొద్దున దొప్పల ఏం తెచ్చినవు?"

"విత్తనం."

"ఏరి తెచ్చినవా, ఏరకుండనా?"

"ఏరే తెచ్చిన. తాలు తెస్తనా?"

"పోయినేడు వానల్లేక ఊరంత మళ్ళు ఎండినయి. నీ మడిల మూలకు గుప్పెడు కంకులు నిలబడ్డయి. నేను కళ్ళతో చూసిన. వాటిని వండుకు తిన్నవా?"

"ఎవడన్నా తింటడా? దాచిన. ఆ గింజే తెచ్చిన."

"ఎండకు నిలబడ్డ గింజను దాచినవు. రోగానికి నిలబడ్డ కోడిని కోస్తనంటున్నవు. నేను గింజ లెక్కనే కోడిని దాచిన. గింతే."

వెనక ఎవరో ఆడమనిషి ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. ఆ నవ్వే చెడగొట్టింది. సుక్కా ముఖం నల్లబడింది.

"గింజ మాట వేరు. కోడి మాట వేరు."

"ఎట్ల వేరో చెప్పు మామా, ఇప్పుడే పోయి గంప తెస్త."

"ఆఫీసర్ ఎక్కించిండు ఈమెకు," అన్నాడు ఒక పెద్దమనిషి.

"ఆఫీసర్ కుందేళ్ళ కత చెప్పిండు," అంది బుల్లమ్మ. "ఎక్కించుకున్నది నేనే."

ఊరి పెద్దలు అక్కడే కూర్చుని తేల్చారు. రెండు కోళ్ళనూ తెచ్చి ఇచ్చే దాకా బుల్లమ్మ ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగరు, ఎర్రయ్య పొలానికి ఎవరూ బదులు పనికి వెళ్ళరు, పండుగలో వాళ్ళ దొప్ప కలవదు. తుమ్మలమెట్టలో నాట్లు, కోతలు అన్నీ బదుళ్ళ మీదే నడుస్తాయి. ఇవాళ నీ మడిలో పదిమంది, రేపు నా మడిలో పదిమంది. అది తెగిపోతే ఇద్దరు మనుషులు రెండెకరాల నాటు వెయ్యాలి.

"రెండు కోళ్ళ కోసం ఊరు పోగొట్టినవు," అన్నాడు ఎర్రయ్య ఇంటికి వస్తూ.

"ఊరు యాడికీ పోలే. ఈడనే ఉన్నది. మన నీళ్ళు తాగదంట, బిందె మోసే పని తగ్గింది."

నాట్ల రోజుల్లో ఆ మాట ఆమెకు గుర్తు చెయ్యడానికి ఎర్రయ్యకు ధైర్యం చాలలేదు. నడుములు పట్టేసి ఇద్దరూ పొద్దు గూకకముందే పడుకునేవారు. రెండో ఏడు ఎర్రయ్య కుడి మోకాలు వాచింది. మూడో ఏటికి ఆ వాపు తగ్గడమే మానేసింది.

పుంజుపిల్ల పెరిగి ఎర్రటి నిలువెత్తు పుంజయింది. సంతలో కోడి పందేలకు అది తగినదని ఊళ్ళో మగవాళ్ళంతా అన్నారు, ఆ ఇంటి నీళ్ళు తాగకుండానే. ఎర్రయ్యకూ మనసు పీకింది. ఒకరోజు దాన్ని చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతుంటే బుల్లమ్మ ఎదురొచ్చింది.

"యాడికి?"

"గట్లనే… గాలికి తిప్పుదామని."

"పుంజును గాలికి తిప్పే మొగోణ్ణి గిప్పుడే చూస్తున్న. కింద దించు."

దించాడు.

పెట్ట మొదటి ఏడు మూడుసార్లు పొదిగింది. మొదట్లో ఆ పిల్లల వైపు ఎవరూ చూడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం పక్కింటి నందే కంచె దగ్గరికొచ్చి నిలబడింది. నందేకు ముప్పై ఏళ్ళుంటాయి, ముగ్గురు పిల్లలు.

"వదినా, గుడ్లున్నయా? నా పెట్ట పొదుగు మీద కూసుంది, కింద గుడ్లు లేవు."

"నా ఇంట్ల నీళ్ళు తాగరాదు గదే."

"నీళ్ళు తాగొద్దన్నరు. గుడ్ల మాట ఎవలూ అనలే."

ఏడు గుడ్లు కంచె దాటాయి. ఆ నెల్లోనే ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు కంచె దగ్గరికి వచ్చారు. మగవాళ్ళకు తెలుసా అంటే తెలుసు. కోళ్ళ వ్యవహారం ఆడవాళ్ళదని తెలియనట్టు ఉన్నారు.

ప్రవీణ్‌కుమార్ బుల్లమ్మను పశు సఖి పనికి, అంటే ఊళ్ళో పశువులకు, కోళ్ళకు మందు వేసే పనికి పెట్టించాడు. బీజాపూర్‌లో పది రోజులు నేర్పారు. కోడి కంట్లో చుక్క మందు వెయ్యడం, కొత్త కోడిని పదిహేను రోజులు విడిగా కట్టెయ్యడం, చచ్చినదాన్ని లోతుగా పూడ్చడం. ఐసు అందిన ప్రతిసారీ ఆమె మందు వేసింది. పగలు ఆమెను గుమ్మంలోకి పిలవలేని ఆడవాళ్ళు వాగు దగ్గరికి కోళ్ళను చీర కొంగులో చుట్టి తెచ్చేవారు. దారి తెగినప్పుడు మందు లేదు.

మందు రాని ఒక ఏడు తెగులు మళ్ళీ తగిలింది. మొదటి కోడి పడ్డ మూడో రోజు సంత. తెల్లవారగానే బుల్లమ్మ ఊరి చివర బాట మీద దుడ్డుకర్ర పట్టుకుని నిలబడింది. గంపలు ఎత్తుకుని మొదట వచ్చినవాడు వరసకు ఆమెకు బావ.

"జరుగు బుల్లమ్మా. నా కోళ్ళు నా ఇష్టం."

"నీ కోళ్ళు నీ ఇష్టమే. నీ రోగం నీ ఇష్టం కాదు. గంప ఇంటికి తీసుకపో."

"లేకుంటే ఏం చేస్తవే?"

"గంప దించి మూత తీస్త. కోళ్ళు అడివిల పడ్డంక ఏరుకో."

అతను ఆమె చేతిలో కర్రను, ఆమె ముఖాన్ని చూసి లెక్క వేసుకున్నాడు. ఆ రోజు పద్నాలుగు గంపలు వెనక్కి తిరిగాయి. మూడు మాత్రం వాగు దిగి చుట్టు తిరిగి వెళ్ళాయి. ఆ మూడింటి గురించి ఆమె ఇప్పటికీ తిడుతుంది, పేర్లతో సహా.

ఆ ఏడు ఆమె ఇంట్లో పంతొమ్మిదికి ఎనిమిది నిలిచాయి. మిగతా ఇళ్ళలో ఇంటికి ఒకటో రెండో. గుడ్లు తీసుకున్న ఇళ్ళలో మూడు నాలుగు. బుల్లమ్మ ఆ అంకెలు చెబుతుంటే ప్రవీణ్‌కుమార్ రాసుకుని తల అడ్డంగా ఊపాడు.

"కొన్నిటికి అంతకుముందు మందు పడింది, కొన్నిటికి పడలేదు. జాతి వల్ల నిలిచాయో, మందు వల్ల నిలిచాయో తేలదక్కా. లెక్క సరిపోదు."

"లెక్క నీకు గావాలె సారూ. నాకు కోళ్ళు గావాలె."

ఈ ఏడు వచ్చిన తెగులు మాత్రం మునుపటిలా లేదు. పడ్డ కోడి పడ్డట్టే రెండో రోజుకు పోయింది. మెడలు మెలికపడే దాకా కూడా ఆగలేదు. బుల్లమ్మ దొడ్లో ముప్పై ఒకటిలో ఇరవై రెండు పోయాయి. నల్ల పెట్ట పోయింది. ఎర్ర పుంజు పోయింది. వాటి పిల్లల్లో, పిల్లల పిల్లల్లో జబ్బుపడి లేచినవి తొమ్మిది. ఇరవై రెండింటిని ఒక్కర్తే పూడ్చింది. ఎర్రయ్య మోకాలు వంగక గట్టు మీద కూర్చున్నాడు.

ప్రవీణ్‌కుమార్ వచ్చినప్పుడు ఆమె అతన్ని తిట్టలేదు. అది చూసి అతనికి భయం వేసింది.

"ఏంది సారూ గిట్లయింది? తట్టుకునే జాతంటివి."

"అనలేదక్కా. కొంత దిగొచ్చు అన్నాను." అతను రాసుకునే పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నువ్వు నిలబడ్డ కోడిని దాచుకుంటున్నావు కదా. వైరస్‌కు కూడా అదే జరుగుతుంది. దానిలోనూ రకాలున్నాయి. గట్టి కోడిలోకి కూడా దూరగలిగినదే మిగులుతుంది, అదే పెరుగుతుంది. దాని విత్తనం అలా నిలుస్తుంది. ఎవరూ దాచనక్కర్లేదు."

"అది కూడా విత్తనం దాస్తదా?"

"అలాగే అనుకో. అందుకే ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. ఆపితే అది ముందుకెళ్ళిపోతుంది."

"మా ఊళ్ళ ఎన్నడూ మొదలే పెట్టలే," అంది బుల్లమ్మ. "అది దాచుకుంటుంటే, మేము కోసుకుతిన్నం."

పండుగకు మూడు రోజుల ముందు సుక్కా స్వయంగా బుల్లమ్మ దొడ్డి దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు, కంచె బయటే నిలబడ్డాడు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఎర్రయ్య మోకాలును చూశాడు.

"తల్లి నీ పెట్టనూ వదల్లేదు కోడలా. దాచుకుని ఏం లాభమయింది? నేను పెద్దోళ్ళతో మాట్లాడిన. తొమ్మిదీ వద్దు. ఒక్క పుంజు తే చాలు. వెలి తీసేస్తం. ఈ వానకు నీ మడిలకు పదిమంది వస్తరు."

సుక్కా ఆ మాట మంచికే అన్నాడు. బుల్లమ్మకు తెలుసు. అతను వెళ్ళాక ఎర్రయ్య లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు.

"ఒక్కటే అడుగుతున్నడు. తొమ్మిదిల రెండు పుంజులున్నయి. ఒకటి పోయినా ఒకటుంటది."

"ఒక్క పుంజు మీద ఆధారపడితే రేపు పిల్లి పట్టుకపోతే ఏంది?"

"నాకు నడుస్తలేదే బుల్లీ."

ఆమె అతని మోకాలి మీద ఆముదం రాస్తూ ఉండిపోయింది.

పండుగ నాడు బుల్లమ్మ గంపతో వచ్చింది. అది చూసి జనం దారి ఇచ్చారు. ఎర్రయ్య ముఖంలోకి నాలుగేళ్ళ తర్వాత రంగు వచ్చింది. సుక్కా కత్తిని రాయి మీద రెండుసార్లు తిప్పి పక్కన పెట్టుకున్నాడు. అప్పటికే నందే ఒక గంపతో, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మరో రెండు గంపలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలోనూ ఒకటి రెండు బతికాయి.

బుల్లమ్మ గంప మూత తీసింది. లోపల రెండు బలిసిన కోళ్ళున్నాయి. తోకలు నిక్కబొడుచుకుని, ఈకలు మెరుస్తూ.

"ఇవి రోగం తగల్నివి," అన్నాడు సుక్కా, ఒకదాని రెక్క ఎత్తి చూసి.

"అవును మామా. తెగులుకు ముందే చెల్లె ఇంట్ల పెట్టిన. రోగం వీటిని ముట్టలే. నూకలు పోసి మేపిన. తల్లికి ఇవి."

"తల్లివి జబ్బు పడి లేచినవి. కట్టు అది."

"జబ్బు పడి లేచినది రోగం తిని వదిలిన ఎంగిలి మామా. అతిథికి ఎంగిలి పెడతమా? తల్లికి ఎట్ల పెడతం? ఆమెకు మంచిది తెచ్చిన. ఎంగిలిది నా ఇంట్లనే ఉంటది. నాకు అదే పనికొస్తది."

గుంపులో గొణుగుడు లేచింది. సుక్కా కత్తి మీద వేసిన చెయ్యి అక్కడే ఉంచాడు. ఈసారి అతని ముఖంలో కోపం లేదు. ముసలి మనిషి నిజంగా ఆలోచిస్తున్నాడు.

"ఇది కట్టు కాదు కోడలా."

"కాదు. పాత కట్టుతోని ఎన్ని కోళ్ళు మిగిలినయో ఊరిని అడుగు."

"వెలి తియ్యం మరి. నీ మడిలకు ఎవరూ రారు."

"తెలుసు."

ఎర్రయ్య ముఖంలోకి వచ్చిన రంగు వచ్చినట్టే పోయింది. "నా మోకాలు," అన్నాడు గొంతులోనే. బుల్లమ్మ విన్నది, కానీ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చేస్తుందో ఆమెకే నమ్మకం లేదు.

అప్పుడు నందే కదిలింది. తన గంపను రెండు చేతులా ఎత్తి, పూజారి ముందు నుంచి తీసి నెత్తిన పెట్టుకుంది.

"యాడికే?" అన్నాడు గుంపులోంచి నందే మామ.

"ఇంటికి. వచ్చే ఏటికి మంచిది మేపి తెస్త."

మిగతా ఇద్దరిలో ఒకామె మొగుడి వైపు చూసి అక్కడే ఉండిపోయింది. రెండో ఆమె నందే వెనకే నడిచింది. ఎవరూ వాళ్ళను ఆపలేదు. వాళ్ళతో ఎవరూ వెళ్ళలేదు కూడా.

"వచ్చే ఏడు కూడా వస్తది రోగం," అన్నాడు సుక్కా. "ఈసారి లెక్కనే వస్తది. అప్పుడేమంటవు?"

"వస్తది మామా. నా కోళ్ళను చూసి ఇంకా నేర్చుకుని వస్తది."

"తొమ్మిదీ పోతే?"

"పోతయేమో. మళ్ళ నందే ఇంట్ల అడుక్కుంట. ఏదో ఇంట్ల ఒకటి లేస్తది." బుల్లమ్మ రెండు బలిసిన కోళ్ళను గుడిసె గుంజకు కట్టి, ఖాళీ గంప చంకన పెట్టుకుంది. "లేచినదాన్ని మాత్రం ఇయ్యను."

ఆమె ఇంటి దారి పట్టింది. ఎర్రయ్య కుంటుతూ వెనకే నడిచాడు, ఈ వానకు నారు ఎవరు పీకుతారు, ఎవరు మోస్తారు అని దారి పొడవునా అడుగుతూ.

"నువ్వు గట్టు మీద కూసోని తిట్టు," అంది బుల్లమ్మ. "నేను పీకుత."